పాప్‌కార్న్‌లో ఏదో తగ్గింది

"ఏదో తగ్గిందే," అన్నాడు మా ఆయన, నేను చేసిన పాప్‌కార్న్ నోట్లో వేసుకుని.

పెళ్లికి ముందునుంచీ సినిమాహాల్లో పాప్‌కార్న్ అమ్మే మనిషాయె, వంక పెట్టకుండా ఉంటాడా?

వెన్న కరిగించి పోశాను. "ఊహూఁ." మిరియాలపొడి చల్లాను. "ఊహూఁ." బెల్లం పాకం పట్టించాను. "బానే ఉంది గానీ..."

నాకు ఒళ్లు మండింది. "ఏం తగ్గిందో చెప్పి చావండి!"

"నాకు మాత్రం ఏం తెలుసే? లోపలికి పట్టుకెళ్లి తిన్నవాళ్లంతా బయటికొచ్చి భలే ఉందంటారు."

అదా సంగతి! గిన్నె ఆయన ఒళ్లో పెట్టాను. టీవీలో సినిమా పెట్టి, లైటు ఆర్పేసి, పక్కన కూర్చున్నాను.

ఆయన కళ్లు టీవీకి అతుక్కుపోయాయి, నోట్లో కరకరలు ఆగలేదు.

"అబ్బ! ఇప్పుడేం కలిపావే?"

ఏం కలుపుతాను? ఇన్నేళ్లూ హాలు తలుపు బయటే నిలబడి అమ్మిన మనిషిని లోపల కూర్చోబెట్టాను, అంతే.