కిటికీ బయట మొగుడు

ఆ మనిషి ఇవాళ కూడా వచ్చాడు.

పూలకొట్టు పిన్ని ముందుగా చూసి, పక్కనున్న బేకరీ అక్కని మోచేత్తో పొడిచింది. మరుక్షణం క్లాసులో తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి.

ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మాసిన గడ్డం. చొక్కాకి ఒక గుండీ తప్పి, ఒక అంచు పైకీ ఒక అంచు కిందకీ వేలాడుతోంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పొద్దున్నే తాగొచ్చాడు కాబోలని అందరూ అనుకున్నారు.

సొంతంగా చిన్నాచితకా వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్లకి వాటిని పెంచుకోవడమెలాగో నేర్పే క్లాసు అది. అతను సంచులావిడ భర్త.

సంచులావిడది గుడ్డసంచుల పని. ఇంటి ముందుగదిలో మిషన్లు వేసి, నలుగురు ఆడవాళ్లని పనికి పెట్టుకుంది. క్లాసులో ఆవిడుంటే నవ్వులకి కొదవుండేది కాదు. తన మొగుడికి బస్సు తోలడం తప్ప లోకంలో ఇంకేమీ తెలియదనీ, అతను లోపలికొస్తే కత్తెర్లు కూడా హడలిపోతాయనీ, అందుకే పని దగ్గర గుమ్మం దాటనివ్వననీ చెప్పి అందరినీ నవ్వించేది.

అలాంటి మనిషి ఉన్నట్టుండి రావడం మానేసింది. పాఠాలు చెప్పే మేడమ్ ఫోన్ చేస్తే అతనే ఎత్తాడు. “ఆమె ఇక రాదండీ” అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఆ తర్వాత తనే రావడం మొదలుపెట్టాడు. లోపలికి రాడు, వెళ్లిపోడు. మేడమ్ బోర్డు మీద ఏది రాస్తే దాన్ని కళ్లు చిట్లించి చూస్తాడు. ఆ కిటికీ మూయిస్తే పక్క కిటికీ దగ్గరికి వెళ్తాడు. ఒకసారి వాచ్‌మన్ వచ్చి అతని చొక్కా పట్టుకుని గేటు బయటికి లాగేశాడు. కాసేపటికి అతను మళ్లీ కిటికీ దగ్గరే ఉన్నాడు.

నిన్న టీ తాగే వేళ బేకరీ అక్కకి అడ్డంపడి, బడిపిల్లల సంచుల ఆర్డర్ గురించి తన భార్య ఇక్కడ ఏమైనా చెప్పిందా అని అడిగాడు. ఒప్పుకుందామనుకుందా, వద్దనుకుందా అని గుచ్చి గుచ్చి అడిగాడు. అక్క గబగబా లోపలికొచ్చేసింది.

“పెళ్లాన్ని ఇంట్లో పెట్టి గొళ్లెం వేసింది చాలక, ఇక్కడేం మాట్లాడిందో కూపీ లాగుతున్నాడు” అంది పిన్ని.

ఆ మాటతో క్లాసంతా ఒక్కటైపోయింది. ఆవిణ్ణి కొడుతున్నాడేమోనని ఒకరు, పోలీసులకి చెబుదామని ఒకరు. ఎవరి అనుమానం వాళ్లది. అందరి అనుమానమూ ఒకటే.

ఇలాంటి మొగుళ్లని మేడమ్ చాలామందినే చూసింది. చేతిలో చక్కటి పని ఉండి, సగంలో చతికిలబడిన ప్రతి ఆడదాని వెనకా ఒక మగాడి నీడ కనబడేది ఆవిడకి. ఇవాళ ఓపిక పట్టలేకపోయింది. చాక్‌పీసు బల్లమీద పడేసి బయటికి నడిచింది. ఆడవాళ్లందరూ గుమ్మం దగ్గర మూగారు.

“మీ ఆవిణ్ణి ఎందుకు పంపడంలేదు?”

“పంపలేనండీ” అన్నాడు.

“పంపలేరా? ఆవిడ నాలుగు రాళ్లు వెనకేసుకుంటే మీ మగతనానికి లోటొస్తుందా?”

అతను గోడకి చేయి ఆనించుకున్నాడు.

మేడమ్ ఆగలేదు. ఆవిడ రెక్కలు ముక్కలు చేసుకుని నిలబెట్టుకున్న పని అదనీ, దాన్ని కూల్చే హక్కు అతనికి లేదనీ కడిగేసింది. రేపటికల్లా ఆవిడ క్లాసులో కనబడకపోతే తామంతా కలిసి ఇంటికే వస్తామంది. గుమ్మంలోంచి పిన్ని, “పోలీసుల్ని వెంటబెట్టుకునే వస్తాం” అని అందించింది.

అతను మెట్టు మీద కూలబడ్డాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. తాగినవాడి ఏడుపుకేంగాని, ముందు సంగతి తేల్చమన్నట్టు మేడమ్ చేతులు కట్టుకుని నిలబడింది.

చాలాసేపటికి తలెత్తాడు. మేడమ్‌ని కాదు, ఆవిడ వెనకాల గుమ్మంలో ఉన్న ఆడవాళ్లని ఒక్కొక్కరినే చూశాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు.

“ఆమె చచ్చిపోయిన మర్నాటి నుంచీ సంచులు కుట్టే ఆ నలుగురూ రోజూ పనికొచ్చి, మిషన్ల ముందు కూర్చుని నా మొహంకేసి చూస్తున్నారండీ, మిగిలిన పాఠాలు నాకు చెప్పండి.”