గెడ చప్పుడు

పేగు ఆపరేషన్ చేశాక పొట్టలో చప్పుడు వినబడేదాకా మంచినీళ్ళు ఇవ్వరు. కాలవలో గెడకర్రతో పడవ తోసి బతికిన ముసలి నరసాయమ్మ, తడిగుడ్డతో పెదాలు అద్దుకుందే గాని ఒక్కసారీ మూలగలేదు. ఇంత గుండెదిటవును అమలాపురం ఆసుపత్రిలో నర్సు రూతమ్మ ఎన్నడూ చూడలేదు.

ఆ రాత్రి లాంతరు పక్కన పెట్టి, నరసాయమ్మ పొట్టమీద స్టెతస్కోపు ఆనించింది. నీళ్ళలో గెడ వేస్తున్న చప్పుడు వినబడింది.

"పేగు కదిలింది మామ్మగారూ!" అంది సంబరంగా.

"ఆయ్. పోయిన మా ఆయన పడవేసుకొచ్చేరండి. ఇప్పుడే రానని దిగిపోయేనండి."

దుప్పటి కింద ఆమె పాదాలకు తడిబురద అంటి ఉంది.

రూతమ్మ చెవుల్లోంచి స్టెతస్కోపు తీసేసింది. గెడ చప్పుడు ఆగలేదు. మెల్లగా వార్డుకు అడ్డంగా సాగి ఎదుటి మంచం దగ్గర నిలిచింది.

ఆ మంచంమీది ముసలమ్మ నిద్రలోనే అంది: "ఉండండి, వస్తన్నా."