దూలమెక్కే పొద్దు

ఆ పొద్దు సూర్యుడు కనపడలేదు. తెల్లవారకముందే మిరుగం కార్తె మబ్బు పడమటి గుట్టల మీదికి దిగి కదలకుండా కూర్చుంది. ఆకు కదిలే గాలి కూడా లేదు. మైసయ్య తలెత్తి చూసినప్పుడల్లా ఆ మబ్బు ఇంకో బారెడు దగ్గరికి జరిగినట్టే ఉంది.

చెలకలో నాలుగు మట్టిగోడలు లేచి నిలబడ్డాయి గాని పైన కప్పు లేదు. ఒక్క పెద్దవాన పడితే అవి వచ్చిన మట్టిలోనే కలిసిపోతాయి. ఆగుదామంటే రేపు అమాస, ఎల్లుండి నుంచి శూన్యమాసం. దూలం ఎక్కితే ఈ రోజే ఎక్కాలి.

ఆ ఇంటికి మట్టి చెలకది, రాయి గుట్టది, చాకిరి ఆలుమగలిద్దరిది. కొన్నది దూలమొక్కటే. నకిరేకల్ కట్టె అడితి నుంచి దాన్ని తేవడానికి మైసయ్య భార్య అండాలు కాళ్ల కడియాలు తీసి ఇచ్చింది. పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, దాన్ని గోడ పక్కన పండబెట్టారు.

ఊరు అక్కడికి రెండు మైళ్లు. తెల్లారగానే వస్తామన్న పదిమందీ జాము పొద్దెక్కాక ఒక్కసారే వచ్చారు. ముందు వడ్రంగం చేసే వడ్ల రఘుపతి, ఆయన వెనక గొల్ల బీరన్న. అందరికన్నా వెనక మైసయ్య అన్న ఎల్లయ్య.

అన్నను చూసి మైసయ్య చేతిలో పని ఆగింది. వేరుపడ్డనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"బాపు రాలేదా?" అన్నాడు, ఎవరినీ అడగనట్టు.

వచ్చినవాళ్లు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. చివరికి ఎల్లయ్యే "రాలేదు" అన్నాడు.

"రాడు. నాకెరుకే. వేరువడ్డోని గడప తొక్కనన్నడు గద. గా ముసలాయన కాటికి పొయ్యేనాడు గూడ పంతం ఇడువడు."

బీరన్న నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. నలుగురు చేరితే నవ్వించనిదే నిలవలేని మనిషి.

"ఏమే బీరన్నా, నాలిక ఇంటికాడ మర్శొచ్చినవా? నా దూలం జూసి ఏదో ఒకటి అంటవనుకున్న."

"పని కానియ్ మైసా. వానొస్తది."

కొబ్బరికాయ ఇంటిపెద్ద కొట్టాలి. తండ్రి రాకపోడా అని మైసయ్య దాన్ని నిన్నటి నుంచీ దాచిపెట్టాడు. ఇప్పుడు దాన్ని చేతిలో రెండుసార్లు తిప్పి, అన్న ముందుకు చాచాడు.

"ఆయన రాకుంటె నువ్వే గద పెద్దోనివి. కొట్టు."

ఎల్లయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఇల్లు నీది. నువ్వే కొట్టు."

"మంచిది. సాయం జెయ్యనీకె వచ్చినవో, గోడలెప్పుడు కూల్తయో సూడనీకె వచ్చినవో."

ఎల్లయ్య భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. దూరంగా తుమ్మచెట్టు కిందికి పోయి నిలబడ్డాడు.

కొబ్బరికాయ మైసయ్యే కొట్టాడు. నలుగురు గోడలెక్కి మోకులు లాగారు. కింద నుంచి మిగిలినవాళ్లు పంగల కర్రలతో ఎత్తిపట్టారు. దూలం ఎక్కే చోట పాట ఉండాలి, కేక ఉండాలి. అక్కడ రఘుపతి "ఊఁ" అనడం తప్ప మరో గొంతు లేవలేదు. దూలం సగానికి లేచేసరికి మొదటి చినుకులు పడ్డాయి. తడిసిన మోకు జారి, తూర్పు కొస ఒక్కసారి కిందికి ఒరిగింది.

ఎల్లయ్య తువ్వాల విసిరేసి ఉరికి వచ్చాడు. ఒరిగిన కొస కింద భుజం పెట్టి నిలబడ్డాడు. పక్కనే ఉన్న మైసయ్యకు అన్న మెడనరాలు ఉబ్బడం, కింది పెదవి వణకడం కనిపించాయి. బరువుకనుకున్నాడు. దూలం మెల్లగా లేచి గోడల మీద కూర్చుంది.

ఆ తర్వాత రఘుపతి ఎవరినీ ఊపిరి తీసుకోనివ్వలేదు. వాసాలు పడ్డాయి, వాటి మీద తాటికమ్మలు పడ్డాయి. చివరి కమ్మ కట్టిన కాసేపటికే వాన దంచింది. ఇంట్లో ఒక్క చుక్క రాలలేదు.

ఆ పచ్చినేల మీదే మోదుగ విస్తళ్లు వేశారు. అండాలు వరన్నం పెట్టి, పప్పు పోసుకుంటూ పోయింది. ఇందాక పొయ్యి దగ్గర ఎల్లయ్య ఆమెతో ఏదో చెప్పడం మైసయ్య చూశాడు. అప్పటి నుంచి ఆమె తలెత్తడం లేదు. పప్పులో ఉప్పు లేదు. అంతమందిలో ఒక్కరూ ఉప్పడగలేదు.

ఎల్లయ్య అన్నం కలుపుతున్నాడు గాని ముద్ద ఎత్తడం లేదు.

"ఏందన్నా, దూలం మోసిన భుజానికి నా కూడు చేదయిందా?"

అందరి చేతులూ ఆగాయి.

"నువ్వు తిను తమ్మీ."

"నువ్వు తింటెనే నేను తింట."

ఎల్లయ్య తమ్ముడి మొహం చూశాడు. చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకొని, నమలకుండానే మింగాడు. అది చూసి మైసయ్య తిన్నాడు. వాళ్లిద్దరినీ చూసి రఘుపతి, బీరన్న, మిగిలినవాళ్లూ తిన్నారు.

మైసయ్యకు చాలాకాలం తర్వాత గుండె తేలికైంది. అన్న మెతుకు ముట్టాడు. రేపు తనే ఊళ్లోకి పోవాలి. తిట్టినా సరే, కొట్టినా సరే, ముసలాయనను భుజాన ఎక్కించుకొని తెచ్చి ఈ దూలం కింద కూర్చోబెట్టాలి.

విస్తరి ఖాళీ అయ్యేదాకా చూసి, ఎల్లయ్య తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి కడుక్కో తమ్మీ, పోదాం. బాపు కోడికూత యాళ్లకు పోయిండు. 'నేను పోయిన అని ఎరుకైతె ఏడాది మైల తీరేదాంక వాని దూలం ఎక్కది, గోడలు నిలువయి, వాడు కొత్తింట్ల బువ్వ తిన్నంకనే చెప్పు' అని నాతోని ఒట్టేయిచ్చుకున్నడు."