అగ్గిపెట్టె మందం

"ఆడనే ఆగు, అఫ్జల్ భాయ్! జేబులకెల్లి చెయ్యి తియ్!"

దసరా సాయంత్రం అమ్రాబాద్‌లో, తన వాకిట్లోకి వస్తున్న చిన్ననాటి దోస్తును మండలాధ్యక్షుడు బాలస్వామి గద్దించాడు. అఫ్జల్ నవ్వుతూ వచ్చి వాటేసుకున్నాడు.

"పండుగ పూట అలాయ్ బలాయ్ తీస్కోవా?"

బాలస్వామి బిగుసుకుపోయాడు. అడవిలోని నక్సలైట్ల నుంచి బెదిరింపులు మొదలైనప్పటి నుంచి అతని అంగీ లోపల రొమ్ము జేబులో చిన్న పిస్తోలు ఉంటోంది. ఒకప్పుడు సోవియట్ ఆఫీసర్ల కోసం చేసింది, అగ్గిపెట్టె మందమే. "అంగీ కింద ఉన్నట్టు ఎవలికీ తెల్వదు" అన్నాడు అమ్మినవాడు.

ఇప్పుడది ఇద్దరి రొమ్ముల మధ్య గట్టిగా ఒత్తుకుంటోంది. అఫ్జల్ నవ్వు ఆగిపోయింది. పట్టు మాత్రం వదల్లేదు.

"పిస్తోలా?" అన్నాడు చెవిలో.

"పానం మీద తీపి, భాయ్. ఏం జేయాలె?"

"పెట్టుకో. నేను తప్పు పట్ట. గని బాల్సామీ, ఇది అలాయ్ బలాయా, తలాషీనా?"

"నేనేం జేసిన?"

"నీ చేతులు చూస్కో."

బాలస్వామి చూసుకున్నాడు. ఎడమ చెయ్యి దోస్తు నడుము తడుముతోంది. కుడి చెయ్యి అతని జేబులో ఉంది. పండుగ బంగారమని తన చేతిలో పెట్టాలని అఫ్జల్ తెచ్చిన జమ్మి ఆకు ఆ వేళ్ల మధ్య నలిగిపోయింది.