మెత్తని వెనక సీటు

"వచ్చి నా ఒళ్ళో కూర్చో" అన్నాడు ఫెరెటి పెళ్ళాంతో, కార్లమ్మే టిమో ఎదుటే.

మకెరిటా అటూ ఇటూ చూసింది. "మతి పోయిందా నీకు? మనవల్ని ఎత్తుకునే వయసులో ఇదేం సరసం?"

"సరసం కాదే. సీటు చూస్తున్నా. రా."

ఆవిడ సణుక్కుంటూనే ఎస్‌యూవీ వెనక సీటెక్కి, మొగుడి ఒళ్ళో కూలబడింది. ఆవిడదేం చిన్న శాల్తీ కాదు. ఫెరెటికి ఊపిరాడలేదు. అయినా మెడ సాగదీసి పైకి చూశాడు. ఆవిడ తలకీ కారు టాపుకీ మధ్య ఇంకా జానెడు ఖాళీ ఉంది. అతని గుండె జారిపోయింది.

ఇదేదో వెర్రి అనుకునేరు. సమోవాలో బస్సు నిండితే ఎవరూ నిలబడరు, కూర్చున్నవాళ్ళ ఒళ్ళో కూర్చుంటారు. ఆ అలవాటు కార్లకీ పాకింది. ఫెరెటి వాళ్ళ చర్చిలో పాటలు పాడే క్వయర్‌లో ఆడవాళ్ళు బోలెడుమంది. పక్కింటి సోలోమోనాకి పెద్ద బండి ఉన్నంతకాలం, ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళందరినీ రెండంతస్తులుగా ఎక్కించుకుని ఇళ్ళ దగ్గర దింపేవాడు. అతను ఇల్లు చేరేసరికి పొద్దు వాలేది, చేమదుంపలు చల్లారి ఉండేవి. పాపం, విసిగిపోయి మొన్ననే బండి అమ్మేసి సైకిలు కొనుక్కున్నాడు. ఇప్పుడు అందరి కళ్ళూ ఫెరెటి కొనబోయే కారు మీద పడ్డాయి.

ఫెరెటికి ఉన్న సుఖమల్లా ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు కడుపునిండా తిని, చాప మీద పడి నిద్రపోవడం. వారం పొడుగునా రేవులో మూటలు మోసేవాడికి ఆ మాత్రం ఆశ ఉండదూ? అదీ పోతే ఇంక బతికి ఏం లాభం అనుకున్నాడు. అలాగని క్వయర్‌ని దింపమని పాస్టరు గారి భార్య పాస్టరమ్మ నోరు తెరిచి అడిగితే కాదనే మొనగాడు ఆ చుట్టుపక్కల లేడు. అందుకని, అడగడానికే వీల్లేని కారు కొనాలి. ఈ సంగతి మకెరిటాకి చెప్పలేడు. ఆవిడా క్వయరే.

"ఎంత విశాలంగా ఉందో చూశావా?" అంది మకెరిటా, ఒళ్ళోంచి దిగకుండానే. "కాళ్ళు బారజాపుకోవచ్చు. వెనకాల ఇంకో వరస సీట్లున్నాయి. మావాళ్ళంతా హాయిగా పడతారు."

"సీట్లేనా ఇవి? చెక్కబల్లల్లా ఉన్నాయి. పైగా ఎక్కాలంటే నిచ్చెన కావాలి. ఆ సెడాన్ చూద్దాం పద."

సెడాన్‌లో ముందుగా తనే కూర్చున్నాడు. నడుం దాకా దిగబడిపోయాడు. అబద్ధమాడాల్సిన పని లేకుండా సీటు నిజంగానే పరుపులా ఉంది. "ఊఁ, రా" అన్నాడు.

మకెరిటా ఒళ్ళో కూర్చోబోయిందో లేదో, తల టాపుకి ఠప్పున తగిలింది. కొప్పులో పువ్వు నలిగిపోయింది.

"అమ్మయ్య" అన్నాడు ఫెరెటి.

"నా బుర్ర పగిలితే నీకు అమ్మయ్యా?"

"అది కాదే, ఇంత మెత్తటి సీటు దొరికినందుకు."

టిమో తల గోక్కున్నాడు. "బాబాయ్, పిన్నికి తల తగులుతోంది కదా. ధర కూడా దగ్గరదగ్గరే. పెద్ద బండే తీసుకో."

"తగిలేదే కావాలి నాకు" అన్నాడు ఫెరెటి, పెళ్ళానికి వినబడకుండా. ఇన్నేళ్ళ వ్యాపారంలో టిమోకి ఇలాంటి గిరాకీ తగల్లేదు.

సెడాన్ కొనుక్కుని ఇంటికొస్తుంటే దారి పొడుగునా మకెరిటా మూతి ముడుచుకునే ఉంది. ఫెరెటి ఊరుకోలేదు. "మోకాళ్ళ నెప్పులవాళ్ళకి ఇదే మంచిదే. ఎక్కే పని లేదు, అలా జారి కూర్చోవడమే. కుదుపు తెలీదు. పడుకున్నా లేపదు" అంటూ ఆదివారం దాకా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు.

ఆదివారం ఆరాధన అయింది. తెల్ల టోపీల ఆడవాళ్ళు కారు చుట్టూ మూగారు. నలుగురు వెనక ఇరుక్కున్నారు. టోపీలు టాపుకి ఆని అప్పడాలయ్యాయి. ఇంక వాళ్ళ ఒళ్ళో ఎవరు కూర్చుంటారు? ఒక్కొక్కరే నిట్టూర్చి దిగిపోయారు.

"ఏం చెయ్యను అక్కా, చిన్న బండి. నాకింతే ప్రాప్తం" అన్నాడు ఫెరెటి, మొహం వీలైనంత దిగులుగా పెట్టి. ముక్కుకి మాత్రం అప్పుడే ఇంట్లో చేమాకు వాసన తగులుతోంది.

స్నేహితురాళ్ళ ముందు మకెరిటాకి తల కొట్టేసినట్టయింది. "చిన్నదైతేనేం? సీట్లు పరుపులు. మోకాళ్ళ నెప్పులవాళ్ళకి ఇదే మంచిది. ఎక్కే పని లేదు, కుదుపు తెలీదు" అని మొగుడు నేర్పిన పాఠం ఒక్క ముక్క పోకుండా అప్పజెప్పింది.

మెట్ల మీదున్న పాస్టరమ్మ ఆ మాట విని దిగొచ్చింది. వెనక సీట్లో కూర్చుంది. అరచేత్తో సీటు నొక్కి చూసింది.

"ఫెరెటీ, దేవుడు నా మొర విన్నాడు నాయనా. అయ్యగారు ఆ మోకాళ్ళతో మా వ్యాను ఎక్కలేకపోతున్నారు. ఇకనుంచి వ్యానులో క్వయర్ వెళ్తుంది, మా పెద్దాడు దింపొస్తాడు. ఆరాధన అయ్యాక జబ్బుపడ్డవాళ్ళని చూడ్డానికి మమ్మల్ని ఊళ్ళెంబడి నువ్వు తిప్పు. సాయంత్రం ఆరాధనకి వెనక్కి తెచ్చేస్తే చాలు."

ఫెరెటి నోరు తెరిచేలోపే క్వయరంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది. అందులో మకెరిటా గొంతే గట్టిగా వినిపించింది.

అప్పటికే పాస్టరు గారు వెనక సీట్లో జారగిలబడి, కాళ్ళు సర్దుకుని, కళ్ళ మీద చేతిరుమాలు కప్పుకున్నారు. పాస్టరమ్మ గొంతు తగ్గించింది.

"కాస్త మెల్లగా పోనియ్యి నాయనా. ఆదివారం మధ్యాహ్నం కునుకు పడకపోతే ఆయనకి బతికినట్టే ఉండదు."