రెండో భాగం వద్దన్న మనిషి

"ఈ ఆట నాకొద్దు పాపా. దీని మొదటి భాగం ఉంటే పెట్టు."

యాభై దాటిన మనిషి నోట ఆ మాట విని సాజిదా నవ్వు ఆపుకుంది.

"అది శానా పాతది మామా. బొమ్మలు గూడా సరిగా కనపడవు. కొత్తదాంట్లో కత్తులు, గుర్రాలు అన్నీ ఉండాయి."

"అందుకే వద్దంటాండా."

ప్రొద్దుటూరు పాత బస్టాండు వెనక సందులో ఆమెది నాలుగు కంప్యూటర్ల అంగడి. పొద్దున టైపింగు పనులు, సాయంత్రం కాలేజీ పిల్లలకు ఆటలు.

ఆయన పేరు వెంకటేశు. కలమల్ల కరెంటు ప్లాంటులో గుమాస్తాగా చేసి, ముందుగానే రిటైర్మెంటు తీసుకున్నాడు. ఆఫీసుకు తొలిసారి కంప్యూటరు వచ్చినప్పుడు, మధ్యాహ్నం అన్నం మాని మరీ ఆటలు నేర్చుకున్నాడట.

అంగట్లో అడుగుపెట్టిన ఆనాటి నుంచి రోజూ జమ్మలమడుగు బస్సు దిగి వచ్చేవాడు. తలుపు పక్కనున్న కంప్యూటరు ముందే కూర్చునేవాడు. వీధి దుమ్మంతా దాని మీదే పడేది. లోపల ఫ్యాను కింద కూర్చోమన్నా వినేవాడు కాదు.

అవి రెండువేల నాలుగు ఎన్నికల ముందు రోజులు.

సాజిదా భర్త రహమతుల్లా కడప జైల్లో ఉన్నాడు. ఒక పెద్దాయనను చంపడానికి పోయిన జీపు తోలింది అతనే. ఎందుకు పోతున్నారో తనకు తెలియదని అతను మొత్తుకున్నాడు. తెలియదంటే నమ్మేదెవరు? ఓట్లు అయ్యేలోగా అవతలివాళ్లు పగ తీర్చుకుంటారని బజారులో చెప్పుకునేవారు. అది వింటూనే సాజిదా రోజూ షట్టరు ఎత్తేది.

వెంకటేశు వచ్చాక అంగట్లో సందడి పెరిగింది. ఇంజనీరింగు చదివే గంగాధరం ఆయనతో వాదానికి దిగేవాడు.

"కొత్త ఆటలంటే నీకెందుకు మామా అంత మంట?"

"అబ్బీ, మొదటిదాంట్లో గోడ దూకాలంటే అడుగులు లెక్కబెట్టుకోవల్ల. తప్పితే పడి చస్తావు. తప్పు నీదే. రెండోదాంట్లో పడినా ఏం గాదు. ఇంగ చూసుకోని నడిచేదెందుకు?"

"మరి కార్ల ఆట?"

"మొదటిదాంట్లో రోడ్డు ఉండె. రెండోదాంట్లో బండి తీసకపోయి అంగళ్ల మీదికి ఎక్కిస్తాండారు. అది పందెమా?"

"అయితే ఏ ఆటకూ రెండో భాగం బాగుండదంటావు?"

వెంకటేశు కీబోర్డు వదిలి అతని వైపు తిరిగాడు.

"ఊరు కట్టే ఆట ఉంది జూడు, దానికి రెండోదే మేలు. మొదటిదాంట్లో రోడ్లేస్తే సాలు. రెండోదాంట్లో భూమి కింద నీళ్ల పైపులు గూడా మనమే ఏయల్ల. దాన్ని జేసినోడెవడో ఊరిని ఎరిగినోడు."

పిల్లలు నవ్వారు.

"నవ్వద్దండి అబ్బీ. మిగతావాళ్లు ఏం జేస్తారో తెల్సా? మొదటిదాంట్లో చచ్చినోని కొడుకును పట్టుకొస్తారు. ఇంగ ఆట యాడుంటాది? పగ తప్ప ఏముండదు."

సాజిదా కూడా నవ్వింది. తనకు టీ తెప్పించుకున్నప్పుడల్లా ఆయనకూ ఒక గ్లాసు చెప్పడం అలవాటైంది.

ఒకరోజు మధ్యాహ్నం అంగడి ముందు జీపు ఆగింది. లోపల ఐదుగురు. ముఖాలకు తువ్వాళ్లు. ఎవరూ దిగలేదు.

సాజిదా చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి.

వెంకటేశు లేచి జీపు దగ్గరికి వెళ్లాడు. ఏదో మాట్లాడాడు. జీపు కదిలిపోయింది.

"ఎవరు మామా?"

"ఎర్రగుంట్లకు దావ అడిగినారు పాపా. థూ, ఈలోపల నా బొమ్మ చచ్చిపాయె."

నామినేషన్లు మొదలయ్యాయి. కరపత్రాల పని మీద పడింది. నిద్ర లేక సాజిదాకు విసుగు పుట్టింది.

"ఏంది మామా, పొద్దస్తమానం ఈడనే కూచుంటావు? ఇంటికాడ పనేం ల్యాదా? నాకు ఆ మిషను కావల్ల."

ఆయన లేచాడు. ఇంటికి మాత్రం పోలేదు. కుర్చీ గడప దగ్గరికి జరుపుకుని చీకటి పడేదాకా వీధి చూస్తూ కూర్చున్నాడు.

"నీ పని నువ్వు జేసుకో పాపా."

ఎంత మొండివాడని ఆమె పళ్లు కొరుక్కుంది. మనసాగక మరునాడు ఆయన కంప్యూటరు ఆయనకు ఇచ్చేసింది.

ఓట్ల లెక్కింపు ముగిసింది. ఆ తరువాత వెంకటేశు రాలేదు.

తన మాటకే నొచ్చుకున్నాడనుకుంది సాజిదా. తలుపు పక్క కంప్యూటరును రోజూ తుడిచి, ఎవరినీ కూర్చోనివ్వలేదు.

రెండు నెలలకు ఒకామె మెట్లెక్కి వచ్చింది.

"వెంకటేశు కూచునే మిషను ఏది పాపా? నేను ఆయన పెండ్లాన్ని, బాలనాగమ్మను. పోయిన నెల గుండెనొప్పొచ్చి పాయె. ఒకసారి చూసిపోదామని వస్తి."

సాజిదా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పాత ఆట పెట్టింది. తెర మీద గోరంత మనిషి గోడ దూకాడు.

"ఈ బుడ్డోని కోసమా ఇంత దూరం వస్తాండె!" బాలనాగమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "రెండో భాగం తీసినోన్ని ఇంటికాడ గూడా తిడ్తానే ఉండె."

"నేనొకరోజు కసురుకుంటి అత్తా. అందుకే రాల్యాదనుకుంటి."

"అది జెప్పి నవ్వినాడు. ఓట్లు అయిపాయె, ఇంగ నేను పోకున్నా ఏం గాదులే అన్న్యాడు."

"ఓట్లకూ ఆటకూ ఏం సమ్మంధం?"

"మా ఊరోళ్లు ఈ అంగడి మీద బాంబులేయాలని కాచుకోనుండిరి పాపా. ఆయన లోపల కూచోనుంటే ఎవడేస్తాడు?"

సాజిదా కుర్చీ వెన్ను పట్టుకుంది.

"మామంటే మీవోళ్లకు అంత భయమా?"

బాలనాగమ్మ తల అడ్డంగా ఊపింది.

"భయం గాదు పాపా. మీ ఆయన తోలిన జీపులో వచ్చినోళ్లు నరికింది మా ఆయన నాయన్నే."