శాలువా

ఏడో తరగతిలో పిల్లలందరికీ చెవి వెనక ఒక్కో బిళ్ల అంటించి ఉంటుంది. ఏం చదివినా, ఏం చూసినా దాని భావం ఆ బిళ్లే చెవిలో చెప్పేస్తుంది. తెలుగు టీచరు హైమావతికి వాటిని చూస్తేనే ఒళ్లు మండుతుంది.

"తీసి బల్ల మీద పెట్టండి!" అని అరిచి, పాఠం చదివింది. "అమ్మ రెండు కంచాలు పెట్టింది. చాలాసేపు గుమ్మంకేసి చూసి, ఒక కంచం తీసేసింది. ఎందుకు తీసేసింది?"

"మురికిగా ఉందేమో టీచర్" అన్నాడొకడు.

"ఛీ! నమిలి నోట్లో పెడితే తప్ప మింగలేరా మీరు?"

అంతలో హెడ్మాస్టరు నవ్వుతూ వచ్చి ఆమెకు శాలువా కప్పాడు. "చాలా కష్టపడ్డారమ్మా" అంటూ ఫొటో తీయించుకున్నాడు. ఆయన వెంట వచ్చిన మనిషి టేపుతో నల్లబల్ల కొలుచుకున్నాడు. ఇద్దరూ వెళ్లిపోయారు.

పిల్లలు గబగబా బిళ్లలు అంటించుకున్నారు. "టీచరుకి సన్మానం" అని అవి చెప్పగానే చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్లకు మొదటి శాలువా. హైమావతి కోపం కూడా కరిగిపోయింది.

ముందు బెంచీలో రమీజా ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఆమె బిళ్ల బల్ల మీదే ఉంది.

"టీచర్, మిమ్మల్ని పంపించేస్తున్నారా? ఇక్కడ మెషీను పెడతారా?"

"ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు టీచర్."

హైమావతి నల్లబల్లకేసి చూసింది. శాలువా లాగి గుమ్మంలోకి విసిరికొట్టింది.

"చప్పట్లు ఆపండి! రమీజా, లే. అమ్మ ఆ కంచం ఎందుకు తీసేసిందో వీళ్లకి చెప్పు."